ఎర్రద్దాల నీళ్లు

మా అక్క పొయ్యి వెలిగించగానే దాని మీద చిటికెడు ఉప్పు చల్లుతుంది. దేవుడికీ కాదు, దిష్టికీ కాదు. హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి కనబడదు. ఉప్పు తగిలితే పసుప్పచ్చగా లేచి ఉన్నానని చెబుతుంది. ఈ చిట్కా నేను చెప్పింది కాదు. మా ప్రయోగశాలలో మంట ఉందో లేదో చూడటానికి ఒక ఖరీదైన పరికరం ఉంది. పొయ్యి పెట్టిన మూడో రోజున అక్క చెయ్యి చురుక్కుమనిపించుకుని, నాలుగో రోజుకల్లా ఉప్పు డబ్బా తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకుంది. ఈ సంగతి మా డైరెక్టరు హేమలత గారికి చెబితే, "మీ అక్కయ్యను ఉద్యోగంలోకి తీసుకుని మిమ్మల్ని ఇంటికి పంపిద్దామా జనార్దన్ గారూ?" అన్నారు. నవ్వాననుకోండి, కానీ ఆవిడ మాటలో అంత హాస్యమేమీ లేదు.

అక్క పేరు అండాలు. ఊరు రాళ్లచెల్క, నల్లగొండ జిల్లా. ఆ ఊరి బోర్లలో ఫ్లోరైడు ఉంటుంది. ఆ నీళ్లు తాగిన పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దయ్యేసరికి కాళ్లు వంగిపోతాయి, మెడ తిరగదు. మధ్యలో కొన్నేళ్లు పైపుల్లో మంచినీళ్లు వచ్చి జనం ఆ పీడ మరిచిపోయారు. తర్వాత నాలుగేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. జలాశయంలోనే నీళ్లు లేకపోతే పైపు మాత్రం ఏం చేస్తుంది? ఊరు మళ్లీ పాత బోరు దగ్గరికే బిందెలు పట్టుకుని వచ్చింది.

మేం చేసింది ఒక పొడి. అర్ధవాహకపు పొడి, అంటే సెమీకండక్టరు, ఇటుక రంగులో, బియ్యప్పిండి కన్నా సన్నగా ఉంటుంది. పల్చటి అద్దాల పెట్టెలకు లోపల పూసి, నీళ్లు నింపి ఎండలో పెడితే, వెలుగు తగిలి పొడిలో ఎలక్ట్రాన్లు లేస్తాయి. లేచినవి ఊరికే కూర్చోవు, పక్కనున్న నీటిని పట్టుకుని విడదీస్తాయి. హైడ్రోజన్ ఒక గొట్టంలోకి, ఆక్సిజన్ ఇంకో గొట్టంలోకి. కరెంటు లేదు, మోటారు లేదు. హైడ్రోజన్ పొయ్యికి వెళ్లి మండుతుంది. మండిన హైడ్రోజన్ మళ్లీ నీరే అవుతుంది కదా, ఆ ఆవిరిని చల్లబరిచి పొయ్యి కింద సన్నటి గొట్టంలోంచి పట్టుకోవచ్చు. లోపలికి పోయింది బోరు నీళ్లు, బయటికి వచ్చేది వాన నీళ్లంత స్వచ్ఛమైన నీళ్లు. ఫ్లోరైడంతా అద్దాల్లోనే మిగిలిపోతుంది. వారానికోసారి కడిగి పారబోయడమే.

ప్రపంచమంతా హైడ్రోజన్ కోసం చూస్తుంటే నేనొక్కణ్నీ ఆ చివర రాలే చుక్కల కోసం చూశాను. ఊరిని ఎంపిక చేసింది నేనే, ఇంటిని ఎంపిక చేసింది నేనే. కమిటీకి మాత్రం ఫ్లోరైడు తీవ్రత, కప్పు వాలు, ఎండ గంటలు అంటూ నాలుగు పేజీలు రాశాను. అసలు కారణం ఆ నాలుగు పేజీల్లో లేదు. అక్క కోడలు నవనీతకు అప్పటికి మూడో నెల.

అక్క ఇంటి మేడ మీద పన్నెండు అద్దాలు బిగించాం. ఊళ్లో వాటికి ఎర్రద్దాలని పేరు పడిపోయింది. మంచి ఎండ కాస్తే రోజుకి మూడు లీటర్ల నీళ్లు. ఒక మనిషి తాగడానికి, ఆ మనిషి అన్నం వండటానికి సరిపోతాయి. అంతకు మించి రావు. మా కొలిమిలో గుప్పెడు పొడి తయారవడానికి పదకొండు రోజులు పడుతుంది, ఆ పన్నెండు అద్దాల పొడికి రెండేళ్లు పట్టింది. కాబట్టి అక్కకి ఒకటే మాట చెప్పాను.

"ఈ నీళ్లు నవనీతకే అక్కా. ఇంకెవ్వరికీ కాదు. కడుపుల ఉన్న పిల్లకు ఎముకలు కట్టేది ఇప్పుడే."

"నాకు చెప్తవా తమ్మీ?" అంది అక్క. కొత్త కుండ కొని, తెల్లబట్ట కప్పి, వంటింట్లో మూలన పెట్టింది. ఆ కుండని ఎంత జాగ్రత్తగా చూసుకుందో చెప్పలేను.

నా కంటే అక్క ఆరేళ్లు పెద్ద. నా ఎనిమిదో ఏట మా నాయన నన్ను మిర్యాలగూడెం వైపు హాస్టల్లో పడేశాడు. అక్కడ తాగేది కాలువ నీళ్లు. అక్కను పంపలేదు. పంపితే ఇంట్లో నీళ్లు మోసే మనిషి ఎవరు? అలా నేను నిటారుగా పెరిగి డాక్టరేట్ చేశాను, అక్క ఆ నీళ్లు మోస్తూ, అవే తాగుతూ నలభై ఏళ్లు రాకుండానే నడుం వంగి కర్ర పట్టుకుంది. దీని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను మాత్రం ప్రయోగశాలలో ఏ పొడి నూరినా ఇదే గుర్తొచ్చేది.

రెండు నెలలకి నవనీత మూత్రం నమూనా మా దగ్గరికి వచ్చింది. మంచినీళ్లు తాగడం మొదలుపెడితే కొన్ని వారాల్లోనే మూత్రంలో ఫ్లోరైడు దిగిపోవాలి. మొదట్లో నవనీతది లీటరుకి అయిదు మిల్లీగ్రాములుంది. ఒకటికి లోపల ఉంటుందని ఊహించి, యంత్రం ముందు కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

నాలుగు పాయింట్ ఆరు.

యంత్రం తప్పనుకున్నాను. మళ్లీ పెట్టాను. అదే. పొయ్యి గొట్టం దగ్గర పట్టిన నీళ్ల సీసా కూడా వచ్చింది, అది పరీక్షిస్తే సున్నా. కాఫీ చల్లారిపోయింది.

నవనీతకు ఫోన్ చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అక్క కోడలని కూడా చూడలేదు.

"నవనీతా, నిజం చెప్పు. చప్పగున్నయని బోరు నీళ్లు తాగుతున్నవా?"

"లేదు చిన్నాయనా. కుండలయే తాగుతున్న. మా అమ్మగారింటికి పోయినప్పుడు గూడ సీసల పోసుకొని పోయిన."

"అన్నం?"

"అత్తమ్మ నాకు వేరే వండుతది, కుండల నీళ్లతోనే. నా మీద ఒట్టు చిన్నాయనా." ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది.

మూడో నెల నమూనా నాలుగు పాయింట్ అయిదు. హేమలత గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"గొట్టం దగ్గర నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. అమ్మాయి అవే తాగుతోంది. అయినా ఒంట్లో ఫ్లోరైడు దిగడం లేదు. అంటే మనకు తెలియనిది ఏదో ఆ నీళ్లలోకి వస్తోంది. పొడి కరుగుతోందేమో, అది ఒంట్లో ఏం చేస్తోందో. మీరేమంటారు?"

"పొడి కరగదు మేడమ్."

"కరగదని మీరూ నేనూ నమ్ముతున్నాం. ఆరో నెల గర్భిణి మీద నమ్మకాలతో ప్రయోగం చేయలేం జనార్దన్ గారూ. అద్దాలు విప్పేయండి."

ఆవిడ మాటలో తప్పు లేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ని. కానీ అద్దాలు విప్పితే నవనీత మర్నాటి నుంచి బోరు నీళ్లే తాగాలి. పొడిలో నిజంగా దోషముంటే మూడు నెలలు ఆ దోషాన్ని నా చేతులతో నేనే తాగించినట్టు. ఎటు చూసినా ఆ పిల్ల కడుపే కనబడింది. రెంచీల సంచి భుజాన వేసుకుని పొద్దున్నే బస్సెక్కాను.

అక్క నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. అద్దాలు విప్పడానికొచ్చానని చెప్పలేక, "జర రిపేరుంది" అని మేడెక్కాను. లింగస్వామి, అంటే అక్క కొడుకు, ఆటో తీసుకుని వెళ్లిపోయాడు. నవనీత వాకిట్లో చిక్కుళ్లు ఈనెలు తీస్తోంది. కిందికి చూస్తే వాకిలి, వంటింటి గుమ్మం, దాని పక్కన బోరు నీళ్ల నీలం డ్రమ్ము అన్నీ కనబడుతున్నాయి.

మొదటి అద్దం మరలు వదులు చేస్తుండగా వెనక వీధి ఈదమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఈదమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్లు రెండూ బయటికి వంగిపోయి ఉంటాయి. ఆమె నోరు తెరవకముందే అక్క చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. మా వైపు అంతే. గడప తొక్కిన మనిషికి ముందు నీళ్లు, తర్వాతే మాట. నేను రెండో మర పట్టుకున్నాను. మేకల బేరగాడొచ్చాడు, చెంబు. ఏదో కాగితం మీద సంతకం కోసం ఒకాయన వచ్చాడు, చెంబు. సూదిమందు నర్సమ్మ వచ్చింది, చెంబు.

నాలుగో చెంబు దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అక్క ఆ నీళ్లు తెస్తున్నది డ్రమ్ములోంచి కాదు. తెల్లబట్ట తీసి, కొత్త కుండలోంచి ముంచుతోంది. నర్సమ్మ వెళ్లాక అక్క ఆమె తాగిన చెంబును డ్రమ్ములో ముంచింది, కుంటుకుంటూ లోపలికెళ్లి కుండలో పోసింది, బట్ట మళ్లీ సర్దింది.

మేం పరీక్షించింది గొట్టం దగ్గరి నీళ్లు. కుండలో నీళ్లు పరీక్షించాలని ఇంత చదువు చదివిన వాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

మెట్లు ఎలా దిగానో తెలియదు. సంచిలో పరీక్ష చుక్కల సీసా ఉంది. ఎర్రటి మందు, ఫ్లోరైడు ఉంటే ఎరుపు విరిగి పసుపుకి తిరుగుతుంది. కుండలోంచి గ్లాసెడు నీళ్లు తీసి నాలుగు చుక్కలు వేశాను. పసుపు.

"ఏం చేస్తున్నవ్ అక్కా?" అని అరిచాను. నవనీత చిక్కుళ్ల చాట వదిలేసి లేచింది.

"ఏం చేస్తున్న? కుండ నింపుతున్న."

"ఏ నీళ్లతోని?"

అక్క తడబడింది. "ఒక్కొక్క చెంబే గద తమ్మీ. వచ్చినోళ్లకు పోస్తే కుండ తరుగుతది. పిల్లకు తక్కువైతదని జర కలుపుతున్న. పాలల్ల చెంబు నీళ్లు పోస్తే పాలు పాలు గాకుండ పోతయా అనుకున్న."

"దినాం ఎందరొస్తరు?"

"ఆరుగురో, ఏడుగురో."

ఆరేడు చెంబులంటే మూడు లీటర్లలో దాదాపు అంతా. నవనీత రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని గోడకు ఆనుకుంది.

"వచ్చినోళ్లకు డ్రమ్ములయి పొయ్యరాదు? ఇన్నేండ్లు పొయ్యలేదా? నువ్ కలిపిన ఒక్కొక్క చెంబు ఈ పిల్ల కడుపులకు పోయింది, ఎరుకేనా నీకు?"

అనకూడని మాట. అన్నాను. అక్క కర్ర గోడకు పెట్టి నేల మీద కూర్చుంది.

"పోసిన తమ్మీ. ఇన్నేండ్లు డ్రమ్ములయే పోసిన. గప్పుడు ఇంట్ల ఇంకో నీళ్లు లేకుండె. నేను తాగేటియే వాళ్లకు పోసిన. లింగనికి నా చేత్తోనే పోసిన, వాని కాళ్లు జూస్తనే ఉన్నవ్. గప్పుడు ఎవ్వలు నన్ను ఒక మాట అనలే, నేను గూడ నన్ను అనుకోలే. ఇప్పుడు ఇంట్ల రెండు తీర్ల నీళ్లున్నయ్. మంచియి మూలకు దాసిపెట్టి, ఇవి విషమని ఎరుకుండి, దూపతోని వచ్చిన మనిషికి ఎట్ల పొయ్యాలె? నువ్వే చెప్పు. నాకైతే చేతులు రాలే."

పసుపు తిరిగిన గ్లాసు కింద పెట్టేశాను.

"నువ్వు పట్నం కెంచి సీసల నీళ్లు తెచ్చుకుంటవ్," అంది అక్క మెల్లగా. "ముప్పై ఏండ్లాయె. ఎన్నడన్న ఒక మాట అన్ననా? నీకు పోసే నీళ్లు నా ఇంట్ల లేకుండె, అందుకే అనలే. అద్దాలు పెట్టిన్నాడు ఫస్టు చెంబు నీకే ఇచ్చిన. మతికున్నదా?"

గుర్తుంది. ఆ చెంబు అందుకుని గొట్టం నుంచి వచ్చిన నీళ్ల రుచి, వాసన గురించి నోట్సు పుస్తకంలో రాసుకున్నాను. నేను దాన్ని ప్రయోగం అనుకుని తాగాను. అక్క ముప్పై ఏళ్ల తర్వాత తమ్ముడికి నీళ్లు పోసింది. సిగ్గుతో నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవడానికి అటు తిరిగితే అరుగు మీద ఈదమ్మ ఇంకా కూర్చునే ఉంది. అంతా వింది. తనకిచ్చిన చెంబులో మిగిలిన నీళ్లను కాసేపు చూసి, చుక్క ఒలకకుండా దాన్ని గడప మీద పెట్టి, కర్ర ఆనించుకుంటూ వెళ్లిపోయింది.

మరలు మళ్లీ బిగించాను. హేమలత గారికి ఫోన్ చేసి పొడిలో దోషం లేదని చెప్పాను.

"మరి ఎక్కడుంది?"

చెప్పాను. "ఇప్పుడేం చేస్తారు? ఇంటికి ఎవర్నీ రావద్దంటారా?" అన్నారావిడ.

"ఆ మాట మా అక్కకు చెప్పడం నా వల్ల కాదు మేడమ్."

అక్క తనంతట తానే ఆ పని చేసింది. ఆ సాయంత్రం వీధి తలుపు వేసేసింది. ఇంట్లో ఎవరైనా చనిపోతేనో, ఎవరితోనైనా పగ పెట్టుకుంటేనో తప్ప దీపాల వేళకి తలుపు వేసే ఇల్లు ఆ ఊళ్లో లేదు. బయట ఎవరో పిలిచారు, కాసేపు చూసి వెళ్లిపోయారు. అక్క లోపల మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుంది, అన్నం ముట్టలేదు. నవనీత పక్కన కూర్చుని, "నువ్ తినకుంటె నేను గూడ తిన అత్తమ్మా" అని రెండు ముద్దలు బలవంతాన పెట్టింది. మూడు నెలలు తన కుండలో కలిసిన నీళ్ల గురించి ఆ పిల్ల ఒక్క మాట కూడా అనలేదు.

తెల్లవారి ఎనిమిదయ్యేసరికి తలుపు మీద కర్రతో కొడుతున్న చప్పుడు. తీశాను. ఈదమ్మ. ఆమె వెనక ఇంకో ముగ్గురు ముసలమ్మలు, నలుగురికీ వంగిన కాళ్లే. వరసగా అరుగు మీద కూర్చున్నారు. ఎక్కడానికే అయిదు నిమిషాలు పట్టింది.

"అండాలూ, దూపైతుంది. నీళ్లు తే," అంది ఈదమ్మ.

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. కుండ వైపు చూసింది, నవనీత వైపు చూసింది.

"కుండ ముట్టకు. డ్రమ్ములయి పొయ్యి."

"గవి ఎట్ల పొయ్యాలె వదినే?"

"ఎట్లేంది, చెంబుతోని. నా మోకాళ్లు జూడు. ఇగ వంగెటందుకు ఏమన్న మిగిలిందా? గా నీళ్లు నన్ను ఏం చేసేదున్నదో అంత చేసినయ్. ఇంకేం చేస్తయే?"

"నాతోని గాదు."

"అయితది. తలుపేసుకుంటె అయితదనుకున్నవా? నిన్న సాయంత్రం పిలిస్తే పలకకపోతివి, నువ్ సచ్చిపోయినవేమో అనుకున్న." ఈదమ్మ గొంతు పెంచింది. "వచ్చినోళ్లకు నీళ్లియ్యని ఇంట్ల నీ మనవడు పుడ్తడా? పొయ్యిమంటున్న గదనే, ఎండ ముదురుతుంది."

అక్క డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. చెంబు ముంచింది. సగం నీళ్లు చీర మీదే పోయాయి. మళ్లీ ముంచింది. ఈదమ్మ చెంబు ఎత్తి, ఎప్పటిలాగే గటగటా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని పక్కామెకు ఇప్పించింది. అలా నలుగురికీ అక్క తన చేత్తోనే పోసింది. పోస్తున్నంతసేపూ కన్నీళ్లు కారుతున్నాయి, వాళ్లెవరూ అది చూడనట్టే చిక్కుడు పాదు గురించి మాట్లాడుకున్నారు.

నేను అక్కడే ఉన్నాను. లీటరుకి ఆరు మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీళ్లు నలుగురు తాగుతుంటే కళ్లారా చూశాను, ఆపలేదు. ఆపి ఇవ్వడానికి నా దగ్గర ఏముంది? వెళ్లేటప్పుడు ఈదమ్మ నా ముందు ఆగి నన్ను పైకీ కిందికీ చూసింది.

"సక్కగ నిలబడ్డవ్ బిడ్డా నువ్వు," అంది. మెచ్చుకోలో, ఇంకేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ మాట తలుచుకుంటే మాత్రం నిద్ర పట్టదు.

ఆ రోజు నుంచి ఊరు ఊరంతా అక్క ఇంట్లో డ్రమ్ము నీళ్లే అడిగి తాగింది. కుండ నవనీతకే మిగిలింది.

అయిదు వారాలకు నమూనా వచ్చింది. ఈసారి కాఫీ పట్టుకోలేదు. సున్నా పాయింట్ తొమ్మిది. నేను కేక పెట్టానట, కొలిమి గదిలోంచి జనం పరిగెత్తుకొచ్చారు. హేమలత గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీశారు.

అక్కకు ఫోన్ చేశాను.

"దిగింది అక్కా! ఒకటికి కిందికి దిగింది. పిల్లకు ఏం భయం లేదు ఇగ."

అవతల "నవనీతా, ఇటు రావే" అన్న కేక, ఇద్దరూ ఒకేసారి నవ్వడం, ఏడవడం వినిపించాయి. కాసేపటికి అక్క మళ్లీ ఫోన్ తీసుకుంది.

"తమ్మీ, ఇంకో ఇంటికి సరిపోయెటంత పొడి ఎన్నడైతది?"

"చేస్తున్నం అక్కా. ఈ నెల రెండు గుప్పిళ్లయింది."

"రెండు గుప్పిళ్లేనా?"

"పదకొండు రోజులకు ఒక్క గుప్పెడే అయితది అక్కా. కొలిమి ఒక్కటే ఉన్నది."

వాకిట్లో ఎవరో వచ్చినట్టున్నారు, "దూపైతుంది అండాలూ" అన్న మాట నాకూ వినబడింది. అక్క ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లేచింది. చెంబు డ్రమ్ముకు తగిలిన చప్పుడయింది.

"జల్ది చెయ్యి తమ్మీ," అంది అక్క. "నేను దినాం ఎరుకుండి పోస్తున్న."